మల్లవ్వ పుంజుల హాజరీ

పొద్దు వాలిందంటే మల్లవ్వ పుంజుల్లో ఒకటి తప్పిపోవాల్సిందే. పదకొండేళ్లుగా మరాఠీ గడ్డ మీది చంద్రపూర్ బొగ్గు గని కాలనీలో ఇదే వరస. వానాకాలంలో సూర్యుడైనా మబ్బు చాటున నాగా పెడతాడు గానీ, మల్లవ్వ పుంజు నాగా లేకుండా తప్పిపోతుంది. దాన్ని వెతకడానికి ఆమె కొంగు నడుముకు బిగించి, వీధిలో ఉన్న పద్నాలుగు క్వార్టర్లూ దూరుతుంది. గడప బయట నిలబడి అడిగే అలవాటు ఆమెకు లేదు. "మా పుంజొచ్చిందా" అన్న మాట వాకిట్లో మొదలుపెడితే వంటింట్లో ముగిస్తుంది.

కోడలు వనిత ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లు. ఆమె పుట్టిల్లు కోర్పనా దగ్గర పత్తి రైతుల పల్లె. అక్కడ కోళ్లు పొద్దుగూకితే వాటంతట అవే చింతచెట్టు ఎక్కేవి, తెల్లారితే దిగేవి. వాటిని వెతకడానికి ఎవరూ ఎవరి ఫ్రిజ్‌నూ తెరిచింది లేదు. మల్లవ్వ తెరుస్తుంది. మూడో నంబరు క్వార్టర్లో ఒంటరిగా ఉండే దుర్గమ్మ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఫ్రిజ్‌ల ఏం జూస్తున్నవే మల్లవ్వా? పుంజు అండ్లకెట్ల పోతది?"

"ఎండకు తాళలేక చల్లగుంటదని పోయిందేమోనని."

"పుంజు లేదు గని ఇంక మూయి. కరెంటు బిల్లు వస్తది."

"పాలు గూడ లేవు," అని మల్లవ్వ ఫ్రిజ్ మూసి బయటపడింది. కాసేపటికి దుర్గమ్మ ఇంటికి గిన్నెడు పాలు పోయాయి. అవి ఎందుకు పోయాయో వనిత ఆరోజు అడగలేదు. అత్తమ్మ చేసే ప్రతి పనికీ కారణం అడుగుతూ కూర్చుంటే అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా ఎవరు చేస్తారు?

మల్లవ్వకు మొత్తం తొమ్మిది కోళ్లు. నాలుగు పెట్టలు, ఐదు పుంజులు. పెట్టలు సాయంత్రం నోరెత్తకుండా వచ్చి గంప కింద దూరతాయి. తంటా అంతా పుంజులతోనే. వాటికి మల్లవ్వ గనిలో ఉద్యోగాల పేర్లు పెట్టింది. పెద్దది మేనేజర్. దాని తర్వాత ఓవర్‌మన్, సర్దార్, హాజరీబాబు. అన్నిటికంటే చిన్నది, మెడ మీద ఈకలు సరిగా రానిది బద్లీ. బద్లీ అంటే పర్మినెంటు కూలీ రానిరోజు అతని బదులు పనికి పిలిచే మనిషి. పిలిస్తే కూలీ, పిలవకపోతే ఖాళీ.

"పెట్టలకు పేర్లెందుకు పెట్టలేదు అత్తమ్మా?" అని కొత్తలో వనిత అడిగింది.

"గుడ్లు పెట్టేది అవి. పేర్లు పెట్టిచ్చుకునేది ఇవి. గనిల గూడ గంతే బిడ్డా."

పెరట్లో రేకుల షెడ్డుకు పాత కన్వేయర్ బెల్టు ముక్క కప్పు. లోపల రెండు అడ్డకర్రలు, ఒకటి ఎత్తున, ఒకటి కింద. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది పుంజులు ముక్కుతో పొడుచుకుని తేల్చుకున్న సంగతి. ఆ తేల్చుకోవడంలో బద్లీకి ఏ కర్ర మీదా చోటు దక్కలేదు. కాబట్టి అది రోజూ షెడ్డులో నిలిపిన స్కూటరు హ్యాండిల్ మీద పడుకుంటుంది. మల్లవ్వ కొడుకు గోపాల్ పొద్దున డ్యూటీకి పోయేముందు హ్యాండిల్ తుడుస్తూ బద్లీ ఏడు తరాలనూ తలుచుకుంటాడు.

పోయిన వేసవిలో కోఠారిలో చుట్టాల పెళ్లి. మల్లవ్వ వెళ్లక తప్పలేదు. వనితకు జ్వరంగా ఉండి ఇంట్లోనే ఉండిపోయింది. సరిగ్గా సాయంత్రానికి ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర నిండా మల్లవ్వ ముక్కు, వెనక బ్యాండు మేళం.

"పుంజుల దగ్గరికి తీస్కపో."

వనిత ఫోను పట్టుకుని షెడ్డులోకి పోయింది. "మేనేజర్ ఉన్నడు. ఓవర్‌మన్ ఉన్నడు. సర్దార్, హాజరీబాబు. బద్లీ స్కూటర్ మీద. ఐదూ ఉన్నయి అత్తమ్మా, ఇగ నువ్వు బువ్వ తిను."

"అది బద్లీ కాదు."

"బద్లీ కాకపోతే ఎవలు?"

"ఫోన్ల మంచిగ కనబడ్తలేదు. నువ్వొక్కసారి ఇండ్లళ్ల చూసి రా. ముందుగల దుర్గమ్మ ఇంటికి పో. ఫోన్ బంద్ చెయ్యకు, నేను గూడ జూస్త."

వంద డిగ్రీల జ్వరంతో వనిత పద్నాలుగు ఇళ్లకూ ఫోను చూపించింది. అవతల పెళ్లివారు తలంబ్రాలు పోస్తుంటే మల్లవ్వ ఫోన్లో దుర్గమ్మను చూసి, "కాళ్లు వాచినట్టున్నయి, పైకి పెట్టుకుని పండు" అంది. పుంజు సంగతి అడిగిందో లేదో వనితకు గుర్తులేదు. పెళ్లికొడుకు మాత్రం నాలుగు ఫోటోల్లో పెళ్లికూతురి పక్కన ఫోను ముక్కుకు ఆనించుకున్న ముసలమ్మ ఉందని ఇప్పటికీ బాధపడుతుంటాడు.

అసలు మల్లవ్వకు ఈ వెతుకులాట రోగం గనిలోనే అంటుకుందని కాలనీ అంటుంది. భర్త పోయాక ఆయన కొలువు ఆమెకిచ్చారు. ఇరవై రెండేళ్లు ల్యాంపు రూములో పని. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల ఆమెకిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక కొక్కేనికి ఒక్క బిళ్ల వేలాడినా ఒక మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడని లెక్క. ఒకసారి అప్పలనర్సయ్య అనే కూలీ బిళ్ల వేలాడుతూ కనబడింది. మల్లవ్వ సైరన్ కొట్టించింది. ఓవర్‌మన్, ఇంకో ఏడుగురు మూడు గంటలు గనంతా గాలించారు. తీరా చూస్తే అప్పలనర్సయ్య దీపం సంచిలో వేసుకుని, వెనక గేటు నుంచి జారుకుని, మహాకాళి జాతరలో జెయింట్ వీల్ మీద తిరుగుతున్నాడు. గని గనంతా నెలరోజులు నవ్వింది.

"నవ్వుండ్రి," అంది మల్లవ్వ. "మనిషి దొరికినంక నవ్వితె ఏం నష్టం లేదు."

ఇలా కాలనీ మల్లవ్వకూ, మల్లవ్వ కాలనీకీ అలవాటు పడి బతుకుతుండగా దీపావళి దాటాక పన్నెండో నంబరులోకి రామనాథం దిగాడు.

ఆయనది కాకినాడ వైపు. గనిలో టిప్పర్లు నడిపే కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు రాసే పని. కూతురి చదువు కోసం భార్య అక్కడే ఉండిపోయింది. ఈయన ఒక్కడే ఇక్కడ. ఇల్లు అద్దంలా పెట్టుకుంటాడు. చెప్పులు వరసగా, డబ్బాలు వరసగా, గోడకు క్యాలెండర్ నిట్టనిలువుగా. అటువంటి ఇంట్లోకి మొదటి సాయంత్రమే మల్లవ్వ పోయి మంచం కింద తల పెట్టింది.

"ఎవరండీ మీరు? ఏమిటండీ ఇది?"

"మా పుంజు. మంచం కింద ఆరు జతల చెప్పులున్నయి సారూ. మనిషివి ఒక్కడివే కనబడ్తున్నవు."

"అన్నీ నావేనండీ. తలుపు కొట్టి రావాలి కదండీ, ఇదేం పద్ధతండీ?"

"తలుపు కొడ్తె పుంజు బెదురుతది." మల్లవ్వ అప్పటికే వంటింట్లో ఉంది. "గిన్నె కడిగి బోర్లిచ్చి ఉన్నది. బువ్వ తిన్నవా, పుంజు తిన్నదా?"

రామనాథం చదువుకున్నవాడు, ఓర్పు ఉన్నవాడు. మూడు వారాలు ఓర్చుకున్నాడు. ఓర్చుకుంటూనే ప్రతి సాయంత్రం జరిగింది డైరీలో తేదీ, సమయం వేసి రాసుకున్నాడు. చివరికి ఒక శుక్రవారం జరిగినదానికి ఓర్పు తెగి, గని ఆఫీసుకు మూడు పేజీల ఫిర్యాదు పెట్టాడు.

నోటీసు వచ్చింది. మల్లవ్వకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వనితకు మరాఠీ చదవడం వచ్చు. నోటీసు ఇంగ్లీషులో ఉంది. ఎవరికిస్తున్నారో వాళ్లకు రాని భాషలో కాగితం ఇవ్వడం మన ఆఫీసులకు తాతల నాటి మర్యాద. వనిత దాన్ని ఫోన్లో పెట్టి మరాఠీలోకి మార్చి చదివింది: పక్షుల వల్ల ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలుగుతోందని ఫిర్యాదు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు సంక్షేమ అధికారి వచ్చి విచారిస్తారు. ఇబ్బంది నిజమని తేలితే పక్షులను అదేరోజు బండిలో ఎత్తుకుపోతారు.

బ్లాస్టింగ్ అదురుకు ఈ వీధిలో పద్నాలుగు ఇళ్ల గోడలూ పగిలాయి. దానిమీద పదేళ్లుగా అర్జీలు పోతున్నాయి, ఒక్క అధికారీ రాలేదు. పుంజు తప్పిపోతే మాత్రం వారం రోజుల్లో విచారణ.

మల్లవ్వ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఒక ముద్ద కూడా సరిగా తినలేదు. "ఐదింటినీ కొంటవోతరా?" అని మూడుసార్లు అడిగింది.

వనిత ఒక ఉపాయం ఆలోచించింది. పుంజులు వాటంతట అవే వచ్చి పడుకుంటాయి, ఏదీ తప్పిపోదు అని అధికారికి కళ్లారా చూపించాలి. అత్తమ్మ ఇళ్లు తిరగడం మానేస్తానని ఒక్క సంతకం పెడితే చాలు, పుంజులు దక్కుతాయి. కానీ ముందు తనకు నమ్మకం కలగాలి కదా. మంగళవారం సాయంత్రం ఆమె నీళ్ల డ్రమ్ము వెనక దాక్కుని కూర్చుంది.

వెలుగు ఎర్రబారగానే మేనేజర్ వచ్చాడు. రావడం అంటే మామూలుగా కాదు, తనిఖీకి వచ్చినట్టు. షెడ్డు ముందు రెండుసార్లు పచార్లు చేసి, పెట్టలన్నీ గంప కింద చేరాయో లేదో మెడ వంచి చూసి, ఒక్క ఎగురుకు పై కర్ర చివర, గాలి తగలని గోడవారకు చేరాడు. ఓవర్‌మన్ ఎగిరి అతని పక్కన వాలాడు. సర్దార్ ఎగిరాడు, జారాడు, ఎవరూ చూడలేదన్నట్టు కాసేపు నేల గీకి మళ్లీ ఎగిరాడు. హాజరీబాబుకు నేరుగా తన చోటికి పోవడం తెలియదు. కర్ర ఈ చివర ఎక్కి అందరి వీపుల మీదుగా ఆ చివరికి నడిచాడు. నాలుగు పొడుపులు తిన్నాడు. కూర్చున్నాక మళ్లీ అందరూ జరిగారు, గొణిగారు, ఈకలు పొంగించుకున్నారు. అదంతా సద్దుమణిగాక బద్లీ వచ్చింది. పై కర్ర వైపు చూసింది. మేనేజర్ ఒక కన్ను తెరిచాడు. బద్లీ కింది కర్ర వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు, అయినా ఓవర్‌మన్ మెడ చాపాడు. ఖాళీ ఉన్నంత మాత్రాన బద్లీకి ఇవ్వాలని ఎక్కడుంది? అది నిట్టూర్చి స్కూటరు ఎక్కి, హ్యాండిల్ మీద కాళ్లు ముడుచుకుంది.

వనిత ఫోను చూసింది. ఐదూ యాభై రెండు. ఐదు పుంజులూ ఎక్కడివక్కడే. ఇక చీకటి పడితే పుంజుకు కళ్లు కనబడవు. పత్తి మూటలా ఎత్తి సంచిలో వేసినా తెల్లారేదాకా కిమ్మనదు. తప్పిపోయే ప్రశ్నే లేదు.

అప్పుడు మల్లవ్వ వచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. స్కూటరు దగ్గరికి వచ్చి బద్లీ వీపు నిమిరింది. "పండు నాయినా," అంది మెల్లగా. తర్వాత పెరట్లోంచి వీధిలోకి నడిచి, వీధి మొత్తం వినేలా గొంతెత్తింది.

"మా బద్లీ రాలే. ఎవలన్న జూసిండ్రా?"

డ్రమ్ము వెనక నుంచి వనిత లేచింది. అత్తమ్మకు మతి తప్పుతోందనుకుంది. చప్పుడు కాకుండా వెనకే నడిచింది.

మూడో నంబరులో దుర్గమ్మ. "పుంజొచ్చిందా? రాలేదా. బీపీ గోలి ఏసుకున్నవా?" అయిదో నంబరులో బాలమ్మ. భర్త రెండో షిఫ్టు, తొమ్మిదో నెల కడుపుతో ఒక్కతే ఉంది. "పుంజొచ్చిందా? నడుం నొస్తుందా? నొస్తె గోడ మీద గట్టిగ కొట్టు, ఇనబడ్తది." మిగతా ఇళ్లన్నీ అయ్యాక చివరికి వచ్చిన తొమ్మిదో నంబరుకు తాళం. అది సచిన్‌ది. కాంట్రాక్టరు దగ్గర టిప్పరు నడుపుతాడు. మల్లవ్వ ఆ తాళం ముందు, గట్టు మీద కూర్చుంది. పుంజును పిలవలేదు, వెతకలేదు. ఊరికే రోడ్డు వైపు చూస్తూ పావుగంట కూర్చుంది. మసి పట్టిన చొక్కాతో సచిన్ మూల తిరగగానే లేచింది.

"కాయ్ ఆజీ," అని అవ్వను మరాఠీలో పలకరించాడు. "ఈ రోజు గూడ పుంజు పోయిందా?"

"నీ టిప్పర్ల ఎక్కిందేమోనని. గింత ఆలిశం ఏంది?"

"టైరు పంచర్ ఆజీ. పుంజు ఎక్కలే. ఎక్కితే టికెట్టు కొట్టేటోన్ని."

"సరే, తిని పండు," అని మల్లవ్వ తిరిగింది. వెనక వనిత నిలబడి ఉంది.

ఇద్దరూ ఇంటివైపు నడిచారు. తర్వాత వనిత అంది: "బద్లీ స్కూటర్ మీద ఉన్నది అత్తమ్మా."

"నాకు కండ్లు లేవా?"

"మరి?"

"గనిల ఉన్నప్పుడు బిళ్లలుండె. ఎవలు రాలేదో గోడకు జూస్తె ఎరుకయ్యేది. ఈ సచిన్ అసొంటోళ్లకు బిళ్ల లేదు, బుక్కుల పేరు లేదు. రాత్రి ఇంటికి రాకపోతె అడిగేటోడు లేడు." మల్లవ్వ నడక ఆపలేదు. "దుర్గమ్మకు పిల్లల్లేరు. బాలమ్మ ఒక్కతే. వాళ్లింటికి పోయి, నువ్వు బతికున్నవా లేదా జూడొచ్చిన అంటె ఎవలన్న తలుపు తీస్తరా? దుర్గమ్మ అయితె చీపురు తీస్తది. కోడి పోయిందంటె ఎవలైన తీస్తరు."

"ఇంకేదన్న చెప్పి పోవచ్చు గద."

"చక్కెర కావాలని పోయిన మొదట్ల. నాలుగొద్దులకు అందరు డబ్బాలు దాచిండ్రు." మల్లవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది. "శుక్రవారం ఇది చెప్పకు బిడ్డా. చెప్పినవంటె తెల్లారి సంది దుర్గమ్మ తలుపు పెట్టుకుంటది. మంది దయ తినేటి మనిషి కాదు అది."

వనిత ఉపాయం అక్కడితో గోదారిలో కలిసింది. పుంజులు తప్పిపోవని నిరూపిస్తే పుంజులు మిగులుతాయి, తిరుగుడు పోతుంది. తప్పిపోతాయంటే పుంజులూ పోతాయి, తిరుగుడూ పోతుంది. నిజం చెబితే తలుపులు మూసుకుంటాయి.

శుక్రవారం ఆరు గంటలకు సంక్షేమ అధికారి నిర్మల వచ్చింది. చిన్న వయసు, చేతిలో ఫైలు, మాట మరాఠీలో మొదలై తెలుగులోకి జారిపోయే, పక్కనున్న రాజురా ఊరి పిల్ల. గేటు బయట బండి ఆగింది, దాంట్లో రెండు ఖాళీ బుట్టలు. వీధి వీధంతా మల్లవ్వ పెరట్లో చేరింది. రామనాథం డైరీ పట్టుకుని తిన్నగా నిలబడ్డాడు.

నిర్మల షెడ్డులోకి టార్చి వేసి లెక్కపెట్టింది. "ఐదు పుంజులు, ఐదూ ఉన్నాయి. మరి రోజూ ఏది పోతుంది అవ్వా?"

మల్లవ్వ బద్లీ వైపు చూడకుండా అంది: "బద్లీ."

"ఇది ఎవరు?" టార్చి వెలుగు స్కూటరు మీద పడింది. బద్లీ కళ్లు మూసుకుని ఉంది.

మల్లవ్వ సాయం కోసం అన్నట్టు మేనేజర్ వైపు చూసింది. వనిత ఇక నోరు తెరవబోయింది. అంతలో దుర్గమ్మ ముందుకొచ్చింది.

"ఇయ్యాల ఉన్నది మేడం. నిన్న పోయింది. ఆరూ పదికి మా ఇంట్ల ఉండె."

"నిన్న ఆరూ పదికి మా ఇంట్లనే ఉండె," అంది బాలమ్మ. "పుట్నాలు గూడ తిన్నది."

"ఆరూ పదికి నా దగ్గరుండె మేడం," అన్నాడు సచిన్. "ఇద్దరం క్రికెట్ చూసినం."

నిర్మల పెన్ను ఆపింది. "ఒకే పుంజు, ఒకే టైముకు, మూడిళ్లల్ల ఎట్ల ఉంటది?"

"బద్లీ గద మేడం," అంది దుర్గమ్మ. "ఏడ ఖాళీ ఉంటె ఆడికి పంపుతరు."

వీధి మొత్తం తలూపింది. మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆరూ పదికి తమ తమ ఇళ్లలో పుంజు ఏం చేసిందో చెప్పడం మొదలుపెట్టారు. ఒకరింట్లో స్నానం చేసింది. వనిత ఒక్కొక్క ముఖం చూసింది. వీళ్లందరికీ తెలుసు. ఎన్నేళ్ల నుంచో తెలుసు. దుర్గమ్మ ఫ్రిజ్‌లో పాలు లేవని తెలిసిన సాయంత్రం కూడా తెలుసు. అత్తమ్మ పుంజును అడ్డం పెట్టుకుని వాళ్ల పరువు కాపాడుతుంటే, వాళ్లు పుంజును చూడలేదని చెప్పి ఆమె పరువు కాపాడుతున్నారు.

"ఫిర్యాదు చేసినవారు చెప్పండి," అంది నిర్మల.

రామనాథం గొంతు సవరించుకుని డైరీ తెరిచాడు. "అన్నీ తేదీలవారీగా ఉన్నాయండీ. తొమ్మిదో తారీకు, సాయంత్రం ఆరూ ఇరవై. అనుమతి లేకుండా వంటింట్లో ప్రవేశం. కుక్కర్ మూత తీసి చూడటం. పుంజు లేదు, బువ్వ గూడ లేదు అని వ్యాఖ్య. ఆరూ నలభైకి మళ్లీ ప్రవేశం. జొన్నరొట్టెలు రెండు, వంకాయ కూర బల్ల మీద పెట్టి నిష్క్రమణ."

"ఊఁ."

"పదకొండో తారీకు. మందుల డబ్బా తెరిచి చూడటం. నిన్నటి షుగరు మాత్ర మిగిలిపోయిందని నిలబెట్టి మింగించడం. పద్నాలుగో తారీకు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "నాకు జ్వరం. దుప్పటి కింద పుంజు ఉందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూడటం."

ఎవరూ నవ్వలేదు. రామనాథం ఆ వాక్యాన్నే మళ్లీ లోలోపల చదువుకుంటున్నట్టు పెదాలు కదిపాడు.

"తర్వాత?" అంది నిర్మల.

"పదిహేను. రెండుసార్లు వచ్చారు. పదహారు, మూడుసార్లు." పేజీ తిప్పాడు. "ఇరవై ఎనిమిది, శుక్రవారం. నేనింకా ఆఫీసు నుంచి రాలేదండీ. నా ఇంటి తాళం చూసి గని గేటు దాకా నడిచి వచ్చి, మా పుంజు మీ ఆఫీసుల ఉన్నదా అని వాచ్‌మన్ చేత పదిమందిలో నన్ను బయటికి పిలిపించడం. నా పరువు..." అక్కడ ఆగిపోయాడు. డైరీ మూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మేడం, నా ఫిర్యాదులో చిన్న సవరణండీ."

"చెప్పండి."

"శుక్రవారం జీతాల పని ఉంటుంది. నాకు ఆరున్నర అవుతుంది. ఆవిడ ఆరూ ఇరవైకి వచ్చేస్తున్నారు. అదీ నా ఇబ్బంది."

"మరి కోళ్లు?"

"కోళ్లతో నాకేం ఇబ్బందండీ? పాపం, వాటి పాటికి అవి పడుకున్నాయి."

మల్లవ్వకు అప్పటికి నోరు పెగిలింది. "ఆరున్నర నాకు కుదరది సారూ. అది సచిన్ యాళ్ల."

"పోనీ, ఆరూ ఇరవై ఐదు."

"నడిచి రా. పరుగెత్తకు, షుగరున్నది నీకు." ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "సారూ, ఒక మాట. మీ ఆఫీసుల బండెక్కినోళ్లు ఎందరు, దిగినోళ్లు ఎందరు అని రాసే బుక్కున్నదా?"

రామనాథం సచిన్ వైపు చూసి, నేల చూశాడు. "డీజిల్‌కు ఉందండీ. మనుషులకు లేదు."

"డైరీ మంచిగ రాస్తవు గద. టైము గూడ ఏస్తవు."

ఆయన చేతిలో డైరీ వైపోసారి చూసుకున్నాడు. సోమవారం నుంచి టిప్పర్ల షెడ్డు గోడకు తాడు కట్టిన నోటుబుక్కు ఒకటి వేలాడింది. ఎడమ పక్క ఎక్కినవాళ్ల పేర్లు, కుడి పక్క దిగినవాళ్ల పేర్లు, నిమిషాలతో సహా. కాంట్రాక్టరు ఇదెవరు పెట్టమన్నారని గద్దించాడట. పుంజులు తప్పిపోతున్నాయండీ అని రామనాథం చెప్పాడట. సచిన్ ఈ కథను వీధిలో రోజుకొక రకంగా చెబుతాడు. బుక్కులో తన పేరు మాత్రం రోజూ వేలు పెట్టి చూసుకుని వస్తాడు.

ఆ శుక్రవారం నిర్మల ఫైలులో రెండు ముక్కలు రాసి మూసేసింది. బండి ఖాళీ బుట్టలతోనే తిరిగింది. ఆమె గేటు దాటబోతుంటే మల్లవ్వ వెంటపడింది.

"ఏడుంటవు బిడ్డా?"

"పద్మాపూర్ రోడ్డు మీద అవ్వా. ఆఫీసర్ల ఫ్లాట్లు, మూడో అంతస్తు."

"ఎవలెవలుంటరు?"

"నేనొక్కదాన్నే."

"ఆహా," అంది మల్లవ్వ. ఆ "ఆహా" విని వనిత తల పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం స్కూటరు కావాల్సి వచ్చింది. హ్యాండిల్ మీద బద్లీ అప్పటికే నిద్రలో ఉంది. వనిత దాన్ని రెండు చేతులా ఎత్తి, పై కర్ర మీద హాజరీబాబు పక్కన మెల్లగా పెట్టింది. చీకట్లో మేనేజర్‌కు ఏమీ కనబడలేదు. పొద్దున కళ్లు తెరిచి చూసుకునేసరికి బద్లీ పక్కనే ఉంది, రాత్రంతా అక్కడే ఉన్నట్టు ముఖం పెట్టి. నాలుగు రోజులు అలాగే జరిగేసరికి ఇక పొడవడానికి ఎవరికీ కారణం దొరకలేదు. బద్లీ పర్మినెంట్ అయిపోయింది.

ఆ మొదటి సాయంత్రం అత్తాకోడళ్లు స్కూటరెక్కి పద్మాపూర్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పోయి, మూడు అంతస్తులు ఎక్కి, బెల్లు కొట్టారు. నిర్మల తలుపు సగం తెరిచింది. తడి జుట్టు, చేతిలో బిస్కెట్ల పొట్లం. అదే ఆమె రాత్రి భోజనమని మల్లవ్వకు అర్థం కావడానికి ఒక్క చూపు చాలింది.

"మా పుంజొచ్చిందా బిడ్డా?"

నిర్మల ఇద్దరినీ చూసింది. మెట్ల వైపు చూసింది. "ఇంత దూరం పుంజు ఎట్ల నడుస్తది అవ్వా?"

"నడవలే," అంది మల్లవ్వ, చెప్పులు విడుస్తూ. "బస్సెక్కింది."

ఏ బస్సని అడగకుండా నిర్మల తలుపు బార్లా తీసింది.